రైలెక్కని రాజకుమారుడు

ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చిన టీచర్లకు, ముందు వరసలో కూర్చోబెడితే సందు చూసుకొని వెనక్కి జారుకున్న పిల్లలకు మరీ నమస్కారం. ఎవరి పేరున ఈ ఉపన్యాసం పెట్టారో ఆయనకు సన్మానమంటే ఒళ్లుమంట, మైకులో తన పేరు వినడమంటే ఇంకా మంట. అందుకని ఊరు పిలిచినట్టే ‘సారు’ అంటాను. ఆయన జీవిత విశేషాలు కరపత్రంలో అచ్చువేశారు. నేను ఆయన పుస్తకాల గదిలో ఒకే ఒక్క అర గురించి మాట్లాడి దిగిపోతాను.

రిటైరయ్యాక సారు తన ఇంటి ముందుగదిలో పిల్లలకు లైబ్రరీ నడిపారు. పాత చందమామలు ఏడాదివి ఏడాదికి దొంతి పెట్టి, దబ్బనంతో పొడిచి, మైనం రుద్దిన దారంతో తానే కుట్టేవారు. బంకకు మైదా ఉడికించేటప్పుడు అందులో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసేవారు. అది విషం గనక ఆ గిన్నె దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. అంటించిన పుస్తకం మీద రోకటిబండ పెట్టి రెండు రోజులు వదిలేస్తే, పిల్లలు ఆ బండ చుట్టూ తచ్చాడుతుండేవాళ్లు. ఇవన్నీ మీకూ తెలిసినవే. ఆ గదిలో పుస్తకాల వరస మాత్రం వేరే ఏ లైబ్రరీలోనూ నేను చూడలేదు. రచయితను బట్టి కాదు, వయసును బట్టి కాదు, కథలో మనిషి దేని మీద పోతాడో దాన్ని బట్టి సర్దేవారు. నడిచిపోయే కథలు ఒక అర, గుర్రం కథలు ఒక అర, పక్షులూ రెక్కల మంచాలూ పావుకోళ్లూ ఒక అర, పడవలు ఒక అర. అన్నిటికన్నా కింద, చిన్నపిల్లల చేతికందే చోట, రైలు అర.

ఆ చివరి అరలో మాయాజాలం ఉన్న పుస్తకాలేవో ఏరి చూస్తే, అన్నీ అనువాదాలో ఇంగ్లీషు పుస్తకాలో. తెలుగులో రైలు మీద బాలగేయాలకు కొదవ లేదు. రెండు చేతులూ తిప్పుతూ, కూత పెడుతూ అంగన్‌వాడీలో మనమంతా పాడినవాళ్లమే. కానీ రాక్షసుడు ఎక్కిన రైలు, దిగాల్సిన ఊరు మాయమైన రైలు, టికెట్టు మీద రాయని స్టేషన్లో ఆగిన రైలు తెలుగు పిల్లల కథల్లో ఎక్కడుంది? మన రాజకుమారుడు సప్తసముద్రాలు దాటాడుగానీ ప్లాట్‌ఫారం ఎక్కలేదు. నేను సారు తరఫున అడగదలచుకున్న ప్రశ్న ఇదే. నంద్యాల వాడు అడగాల్సిన ప్రశ్న కూడా.

మన మాయకథకూ ప్రయాణానికీ విడదీయరాని బంధం ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ ప్రయాణం మీదే నడుస్తాయి. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుకు ఒక గొల్లకుర్రాణ్ణి వెంటపెట్టుకుంటాడు. దారిలో తాను చూసిన వింతకల్లా మజిలీలో కథ చెప్పాలని వాడి షరతు. పిల్లవాడికి కథ కూలి, గురువుకు కథ దారిఖర్చు. ఇంతకంటే మంచి ఏర్పాటు నేను ఏ భాషలోనూ చూడలేదు. అయితే దీక్షితులు రాజమండ్రి మనిషి. అక్కడ గోదావరి మీద రైలు వంతెన 1900లోనే తెరిచారు. తన ఊరి పిల్లలు వంతెన మీద పోయే బండి చప్పుడు వింటూండగా ఆయన తన గొల్లవాణ్ణి కాశీకి నడిపించుకునే తీసుకుపోయాడు. అది సబబే. రైలెక్కిస్తే మజిలీలు పోతాయి, మజిలీలు పోతే కథలు పోతాయి.

నిజం కాశీయాత్రల్లో ఒకటి మన పొలిమేర మీదుగానే సాగింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయలుదేరి కడప దాటి, అహోబిలం చూసి, మహానంది చూసి, శ్రీశైలం వైపు పోయాడు. పల్లకీ, బోయీలు, వంటసామాను, వెంట పరివారం. మద్రాసులో తొలి రైలు కూసింది ఆ తర్వాతెప్పుడో 1856లో. ఆయన ఆగిన చోటల్లా నీళ్లెక్కడున్నాయి, బియ్యం దొరుకుతాయా, దారి బండికి పనికొస్తుందా అని రాసుకుంటూ పోయాడు. పిల్లల సాహసకథ రాసేవాళ్లకు ఆ పుస్తకం మంచి బడి.

ఇక చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. నాగిరెడ్డి కడప జిల్లా వాడు, మనకు ఇరుగుపొరుగు. 1952 నుంచి పత్రికను కొడవటిగంటి కుటుంబరావు చూసుకున్నారు. 1954లో ‘తోకచుక్క’తో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు మొదలయ్యాయి. ఆ తర్వాత ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, రాతిరథం. ఆళ్లగడ్డలో శిల్పుల ఇళ్ల పిల్లలు రాతిరథం ఎలా చదివి ఉంటారో అని నాకెప్పుడూ కుతూహలమే. వాకిట్లో ఉలి చప్పుడు, చేతిలో పరుగెత్తే రాయి! ఇన్ని వాహనాల్లో రైలు లేదు. కుటుంబరావు మార్క్సిస్టు, రైలంటే ఏమిటో, అది ఎవరి కోసం వేశారో బాగా తెలిసినవారు. ఆయన పెద్దల కథలు తన కాలంలోవే. పిల్లల కథ దగ్గరికొచ్చేసరికి అనగనగా కాలం దాటి ఇవతలికి రానివ్వలేదు. తెలియక కాదు, ఆ కాలానికో కంచె కట్టుకున్నారు. ఆ కంచె లోపల అద్భుతమైన తోట పెంచారు గనక మనం ఫిర్యాదు చెయ్యలేం. ఆ తర్వాత వచ్చిన వాళ్లు తోట పెంచకుండా కంచెను మాత్రం కాపాడుతూ వచ్చారు. ఫిర్యాదల్లా వాళ్ల మీద.

నంద్యాల పిల్లవాడికి రైలు పరాయిది కాదు. గుంతకల్లు నుంచి డోన్, బేతంచెర్ల, పాణ్యం మీదుగా వచ్చే బండి నంద్యాల దాటి గాజులపల్లె చేరగానే నేల తీరు మారిపోతుంది. రేగడి చేలు వెనకబడి నల్లమల ఎదురొస్తుంది. చెలమ, బోగదా, దిగువమెట్ట, ఆపైన గిద్దలూరు. బొగ్గింజన్ల కాలంలో సొరంగం వస్తోందంటే ‘తలుపులేయండబ్బా’ అని ఎవరో ఒకరు అరిచేవాళ్లు. తలుపులు వేసినా పొగ ఆగదు. చీకట్లో పిల్లలంతా ఒక్కసారి కేకలేస్తారు, కేక గోడలకు తగిలి వేరే గొంతుతో తిరిగొస్తుంది. వెలుతురు పడేసరికి ఎవరో ఒకరి కంట్లో నలుసు. అవ్వ కొంగు మడిచి, నోటి ఆవిరి పట్టి, ఆ కంటికి అద్దేది. ఆ చీకట్లో పక్కన కూర్చున్నది అవ్వేనా, ఇంకెవరైనానా అని అనుమానపడని పిల్లవాడు ఉంటాడా? పాతాళదుర్గానికి ఇంతకంటే మంచి దారి కావాలా? మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చాక దొరబావి దగ్గరి ఎత్తైన పాత వంతెనను వదిలేశారు. అడవి మధ్య రైలు రాని వంతెన! నేను మాంత్రికుణ్ణయితే కాపురం అక్కడే పెడతాను.

ఆళ్లగడ్డ సంగతి వేరు. దానికి రైల్వేస్టేషన్ లేదు. 2016లో ప్రారంభమైన నంద్యాల–ఎర్రగుంట్ల లైను కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోయింది. ఆళ్లగడ్డ పిల్లలకు రైలంటే నంద్యాల ప్రయాణంలో ఒక భాగం, లేదంటే పుస్తకంలో బొమ్మ. మాయకథకు నిజానికి వాళ్లే సరైన పాఠకులు. రోజూ ఎక్కేవాడికి రైలు వాహనం, ఎప్పుడో చూసేవాడికి అదొక జంతువు.

అసలు ఆ నల్లమల లైను ఎందుకు పడింది? 1876–78లో ధాత కరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ధాన్యం ఒకచోట ఉండి, మనుషులు ఇంకోచోట చచ్చిపోయారు. కరువు కమిషన్ 1880లో తిండిగింజలు చేరేసేందుకు రైళ్లు వెయ్యమంది. అలా తలపెట్టిన వాటిలో బళ్లారి–కృష్ణా లైను ఒకటి. సదరన్ మరాఠా రైల్వే నడిపింది. 1880లలో నల్లమలను తొలిచింది ఆకలి కోసమే. ఆ పని చేసిన కూలీల్లోనూ ఆకలిగొన్నవాళ్లు ఉండే ఉంటారు.

అదే కరువు ఇంకో పని కూడా చేసింది. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని కరువు జనానికి కూలి ఇప్పించాడు. 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన వైపు ఆళ్లగడ్డకు దాపులోని ముత్యాలపాడులో ఎస్.పి.జి. వాళ్ల ఆంగ్లికన్ మిషను కరువుకు ముందునుంచే ఉంది. కరువు తర్వాత పల్లెపల్లెకూ పాకింది, నంద్యాలలో బళ్లు పెట్టింది. రైలూ క్రిస్మసూ ఈ తాలూకాల్లో బలంగా వేళ్లూనింది ఆ ఒక్క తరంలోనే, ఆ ఒక్క కరువు చేతుల మీదుగానే. రెండూ ఇంగ్లీషువాళ్ల సరుకులని, పిల్లల కథకు పైపూతలని అనేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. వాటి వెనక మన జేజెమ్మల ఖాళీ కుండలున్నాయి.

క్రిస్మస్ కథను ఒకసారి మతం పక్కనపెట్టి కథగా చూడండి. ఆకాశంలో కొత్త చుక్క పుడుతుంది. దాన్ని పట్టుకొని దూరదేశం నుంచి జ్ఞానులు మూటలు కట్టుకొని బయలుదేరుతారు. ముగ్గురని బైబిల్లో లేదు, కానుకలు మూడు గనక మనం ముగ్గురనుకున్నాం. దారిలో కోటలోని రాజు తియ్యగా మాట్లాడి లోపల కత్తి నూరుతాడు. కలలో హెచ్చరిక వస్తుంది, వాళ్లు వేరేదారి పడతారు. పసిబిడ్డను చంకనేసుకొని తల్లిదండ్రులు రాత్రికి రాత్రి పొరుగుదేశం పారిపోతారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ చదివిన పిల్లవాడికి ఇందులో కొత్తగా నేర్పాల్సింది ఏముంది? తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు అన్న పేర్లు వాడికి ఇంతకుముందే నోటికొచ్చు. ఇలాంటి కథ మన మధ్య నూటయాభై ఏళ్లుగా తిరుగుతోంది. తెలుగు పిల్లల పత్రిక దాన్ని ‘పండుగ పరిచయం’ శీర్షికన అరపేజీలో సర్దేసింది. చర్చి పుస్తకాలు చెప్పాయిగానీ, మందలింపు కలపకుండా చెప్పలేకపోయాయి. ఈ విషయంలో డోర్నకల్ బిషప్ అజరయ్య తెలివైనవాడు. మన ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు కూడా ఒకప్పుడు ఆయన డయాసిస్ కిందివే. పల్లె సంఘాలకు తెలుగు కీర్తనలు, కథాకాలక్షేపం, దేశవాళీ పండుగ తీరు కావాలన్నాడు.

ఇక్కడి క్రిస్మస్‌లో మంచు లేదు. మంచు లేదని అచ్చు పుస్తకాలు మనల్ని ఎప్పుడూ కాస్త చిన్నబుచ్చుతుంటాయి. కానీ డిసెంబరులో నంద్యాల చుట్టుపక్కల పత్తి పగులుతుంది. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నాటిది, అక్కడ పుట్టిన పత్తి రకానికి ‘నరసింహ’ అని అహోబిలం దేవుడి పేరు. ఒక పల్లె చర్చిలో సరుగుడు కొమ్మ దొరక్క పిల్లలు తుమ్మకొమ్మ నరికి తెచ్చి బకెట్టు ఇసుకలో నిలబెట్టడం చూశాను. దూది అంటించడానికి బంక అక్కర్లేకపోయింది. చేలో నుంచి తెచ్చిన పత్తిని అలా విసిరితే ముళ్లే పట్టుకున్నాయి. వెదురుబద్దల చుక్క కొంచెం వంకరగా వేలాడుతోంది. ఒకడు వేళ్లు నోట్లో పెట్టుకొని నెత్తురు చప్పరిస్తున్నాడు. నల్లరేగడిలో పండిన మంచు, నరసింహుడి పేరుగల మంచు! దీనికి ఏ విదేశీ బొమ్మల పుస్తకం సరితూగుతుంది?

బయటివాళ్లు రైలునూ పండుగనూ పిల్లల కథలోకి ఎలా తెచ్చారో కూడా సారు అరలోనే కనబడేది. థామస్ ఇంజను కథలు రాసిన ఆడ్రీ ఆంగ్లికన్ పాస్టరు. తట్టు పోసి మంచాన పడ్డ కొడుకును ఊరడించడానికి చెప్పిన కథలవి, 1945లో తొలి పుస్తకం వచ్చింది. ఇంజన్లకు మొహాలు పెట్టాడుగానీ, పట్టాల సంగతిలో రవ్వంత అబద్ధం ఒప్పుకునేవాడు కాదు. ఇంజను ఎత్తు ఎక్కలేకపోయిందంటే, చేపలు నీళ్ల తొట్టిలో పడ్డాయంటే, ఎక్కడో నిజం రైల్వేలో జరిగి ఉండాలి. ఆ ఇంజన్లు తిరిగే సోడర్ అనే దీవి పేరును కూడా ఒక నిజమైన డయాసిస్ పేరులోంచి తీసుకున్నాడు. ‘సోడర్ అండ్ మ్యాన్’ డయాసిస్‌లో మ్యాన్ దీవి ఉంది, సోడర్ కనబడదు. లేని దీవిని ఆయన రాసి చూపించాడు. నంద్యాల డయాసిస్ పటం తీసి చూస్తే మనకూ అలాంటి ఖాళీ జాగా దొరక్కపోదు.

సోవియట్ వాళ్లది ఇంకో తమాషా. విప్లవం తర్వాత క్రిస్మస్ చెట్టును నిషేధించి, 1935 చివర్లో కొత్త సంవత్సరం చెట్టుగా తిరిగి తెచ్చుకున్నారు. 1939లో గైదార్ రాసిన ‘చుక్, గెక్’లో ఇద్దరన్నదమ్ములు తల్లితో మాస్కో నుంచి రైలెక్కి, మంచు అడవుల్లో పనిచేసే తండ్రి దగ్గరికి పోతారు. చివర్లో అందరూ కలిసి చెట్టు అలంకరిస్తారు. దేవుణ్ణి తీసేసినా చెట్టు, కానుక, ఎదురుచూపు మిగిలాయి. అలాంటి పుస్తకాలను తెలుగు చేయడానికి ఉప్పల లక్ష్మణరావు, మన కడప రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కోలో ఏళ్లతరబడి కూర్చున్నారు. మనవాళ్లు మాస్కో రైలును తెలుగులోకి తెచ్చారు. నంద్యాల రైలును తెలుగులోకి తెచ్చినవాళ్లే లేరు. హిందూ పిల్లలు, క్రైస్తవ పిల్లలు, సాయిబుల పిల్లలు సారు గదిలో ఒకే బల్ల మీద కూర్చొని సైబీరియా మంచు చదివారు.

నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది జపాన్ రచయిత మియాజావా కెంజి. వ్యవసాయ పాఠశాల టీచరు, రైతులకు ఎరువుల సలహాలిస్తూ తిరిగినవాడు, మన పరిశోధన కేంద్రంలో ఇట్టే కలిసిపోయే మనిషి. బౌద్ధుడు. 1933లో 37 ఏళ్లకే పోయాడు, ‘పాలపుంత రైలు’ కథ మరుసటేడు అచ్చయింది. తన ఇవాతె ప్రాంతంలో తిరిగే చిన్న రైలునే నక్షత్రాల మీదికి ఎక్కించాడు. అచ్చాపీసులో టైపులేరి కూలి తెచ్చుకునే పేదపిల్లవాడు జొవాన్ని, జబ్బుపడ్డ తల్లికి పాలు తేవడానికి పోయి ఆ రైల్లో తేలతాడు. దారిలో మంచుగడ్డకు కొట్టుకొని మునిగిన ఓడలోంచి వచ్చిన ఇద్దరు పిల్లలు, వాళ్ల టీచరు ఎక్కుతారు. చదువుతుంటే టైటానిక్ గుర్తుకొస్తుంది. వాళ్లు క్రైస్తవులు. దక్షిణ శిలువ నక్షత్రం స్టేషన్లో దిగిపోతారు. బౌద్ధుడు వాళ్లను ఎగతాళి చెయ్యలేదు, తన మతంలోకి లాగలేదు. బండి ఆపాడు, దించాడు, ముందుకు నడిపాడు. చావు గురించి అంత చల్లగా పిల్లలకు చెప్పిన పుస్తకం ఇంకొకటి నేను చదవలేదు. చిన్న ఊరి రైలు, పరాయి పండుగ, ఇంటి పేదరికం, ఆకాశం — ఈ నాలుగూ ఆయన దగ్గర ఎంతున్నాయో మన దగ్గరా అంతే ఉన్నాయి.

అయితే ఒక్క సంగతి. ‘మన దగ్గరా రాయండి’ అనగానే శాంతాక్లాజ్‌కు పంచె కట్టి, పోలార్ ఎక్స్‌ప్రెస్‌కు అమరావతి ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి పంపేవాళ్లుంటారు. నేను న్యాయనిర్ణేతగా కూర్చున్న పోటీల్లో అలాంటివి కట్టలకొద్దీ వచ్చాయి. మంచుబండి పోయి ఎద్దులబండి వస్తుంది, మిగతా అంతా అదే. హారీ పోటర్ 2009లో తెలుగులోకి వచ్చాక మంత్రదండాల బళ్లు కూడా మొదలయ్యాయి. వీటిలో లోపం అనుకరణ కాదు, బద్ధకం. హారీ పోటర్ రాసిన రోలింగ్ గోడలోంచి ప్లాట్‌ఫారం తీసిందంటే, ఆ గోడ ఎక్కడుందో ఆమె ఊహలో అడుగుల లెక్కన ఉంది. మన కథకుడికి నంద్యాల స్టేషన్లో టీ కొట్టు ఏ పక్కనుందో కూడా అక్కర్లేదు.

సారు పేరున ఉన్న నిధి మీద వచ్చే వడ్డీతో ఏం చెయ్యాలని ఈ ఉపన్యాసం పెట్టిన కమిటీ నన్ను అడిగింది. శాలువాలు కొనకండి. రెండేళ్లకొక పిల్లల పుస్తకం వెయ్యండి, ముప్ఫై రెండు పేజీలు చాలు. అక్షరాలు పెద్దవిగా, ధర ముప్ఫై రూపాయలు దాటకుండా. మొదటిదానికి రచయితను నంద్యాల–గిద్దలూరు మధ్య రైల్లో నాలుగుసార్లు తిప్పి, డిసెంబరులో ఒక రాత్రి ముత్యాలపాడు వైపు కేరల్స్ బృందంతో పంపించి, ఆ తర్వాతే కాగితాలివ్వండి. కరువును దాచమనకండి, పిల్లలు ఆకలిని అర్థం చేసుకోగలరు. బొమ్మలకు ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లలో గీత చేతనైన కుర్రవాళ్లను అడగండి. రాక్షసుడి కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలిసినట్టు కంప్యూటర్ బొమ్మలవాళ్లకు తెలియదు. రాతప్రతిని ముందు ఆళ్లగడ్డ బడిలో చదివి వినిపించండి. పిల్లలు కదిలిన చోటల్లా కొట్టేయండి.

కథ చివర నీతి వెయ్యాలా అని కమిటీలో ఒకరు అడిగారు. అక్కర్లేదు. ఆ జాగాలో నంద్యాల నుంచి గిద్దలూరు దాకా స్టేషన్ల పేర్లు వరసగా అచ్చువెయ్యండి. మధ్యలో ఒకటి ఖాళీ వదిలి, పిల్లల్ని నింపుకోమనండి.